కమోడ్‌ను గది అవతలి మూలకు మార్చాలి: డ్రైనేజీ పైపు వాటం, వెంట్ పైపు ఎలా నిర్ణయించుకోవాలి?

ప్రశ్న (ఇంటి యజమాని)

అందరికీ నమస్కారం. మాది రెండు వాటాల పాత ఇల్లు. కింద మా అమ్మానాన్నలు ఉంటారు, పైన మేము ఉంటాము. పై వాటాలోని స్నానాల గదిని మొత్తం తవ్వి తిరిగి కట్టించుకుంటున్నాము. ఇప్పుడు కమోడ్ బయటి గోడను ఆనుకుని ఉంది. గోడ అవతల నిలువుగా దిగే నాలుగంగుళాల సాయిల్ పైపుకు (మలినం పోయే పైపుకు), కమోడ్‌కు మధ్య జానెడు దూరమే. స్నానం చేసే చోటు ఇరుకుగా ఉన్నందువల్ల కమోడ్‌ను గది అవతలి మూలకు జరిపి, అది ఉన్న చోట షవర్ పెట్టాలని అనుకుంటున్నాము. కొత్త చోటు నుంచి సాయిల్ పైపు వరకు గోడ వెంబడి టేపు పట్టి కొలిస్తే 3.2 మీటర్లు వచ్చింది, మధ్యలో ఒక మూల తిరగాలి. కమోడ్ పక్కనే వాష్ బేసిన్ వస్తుంది.

టైల్స్ తీసి చూస్తే, పూర్తయిన నేల మట్టం నుంచి కింద స్లాబు వరకు 200 మి.మీ. లోతే ఉన్నట్టు తేలింది. ఆ లోతులో 3.2 మీటర్ల పైపుకు సరిపడా వాటం వస్తుందా అన్నది నా మొదటి సందేహం. మా ప్లంబరు సర్దుబాటు చేస్తానని అంటున్నారు కానీ, ఎంత వాటం ఇస్తారో అంకెల్లో చెప్పడం లేదు.

రెండవది వెంట్ పైపు గురించి. నిలువు పైపు ఉండగా వేరే గాలి గొట్టం అక్కరలేదని ఆయన అభిప్రాయం. అయితే ఇప్పటికే మా ఇంట్లో పైన ఫ్లష్ చేసినప్పుడల్లా నేల మీది నీరు పోయే నహాని ట్రాప్‌లో గుడగుడమని చప్పుడు వస్తుంది, కింది వాటాలోని కమోడ్‌లో నీళ్లు బుడగలు వేస్తాయి, కొన్ని రోజులు గదంతా వాసన. కొత్త పైపులు వేస్తే ఇది దానంతటదే పోతుందా, లేక దీనికి కారణం వేరే ఎక్కడైనా ఉందా? స్నానం నీళ్లు, కమోడ్ నీళ్లు అన్నీ ఆ ఒక్క నిలువు పైపులోకే పోతాయి. టైల్స్ పని మొదలుపెట్టక ముందే వీటిని తేల్చుకోవాలి కనుక మీ సలహా కోరుతున్నాను.

సమాధానం (ప్లంబింగ్ మేస్త్రీ)

ముందుగా మీ కొలతలనే లెక్క కట్టి చూద్దాము. కమోడ్ నుంచి పోయే నాలుగంగుళాల పైపుకు మేము సాధారణంగా 40కి 1 వాటం ఇస్తాము, అంటే మీటరుకు 25 మి.మీ. చోటు చాలకపోతే 60కి 1 వరకు, అంటే మీటరుకు సుమారు 17 మి.మీ. వరకు తగ్గించుకోవచ్చు. మీ 3.2 మీటర్లకు మొదటి లెక్కన 80 మి.మీ., రెండవ లెక్కన 53 మి.మీ. దిగుడు కావాలి. పైపు బయటి వ్యాసం 110 మి.మీ. దాని మీద కాంక్రీటు, టైలు కలిపి కనీసం 50 మి.మీ. ఉండాలి. 110, 50, 80 కలిపితే 240 అవుతుంది, మీకున్నది 200. 60కి 1 వాటం తీసుకున్నా 213 వస్తుంది. పైగా నేలలోకి దిగే ఎస్-ట్రాప్ కమోడ్ పెడితే దాని కింద వంపు తిరిగే బెండుకే ఇంకొంత లోతు కావాలి. కాబట్టి నేల కింద నుంచి ఈ పైపు పోదు. సర్దుబాటు అంటే వాటం మింగేయడమో, స్లాబును చెక్కడమో అవుతుంది, ఆ రెంటికీ ఒప్పుకోకండి.

మీకు కావలసింది గోడలోకి పోయే పీ-ట్రాప్ కమోడ్. చాలా మోడళ్లలో దాని మూతి కేంద్రం పూర్తయిన నేల మట్టానికి సుమారు 180 మి.మీ. ఎత్తున ఉంటుంది. కొనే మోడల్ కాగితం మీద ఆ అంకెను సరిచూసుకోండి. పైపు అక్కడ బయలుదేరి 40కి 1 వాటంతో నడిస్తే, సాయిల్ పైపును చేరేసరికి కేంద్రం 100 మి.మీ. ఎత్తున ఉంటుంది. అంటే పైపు అడుగు భాగం చివరిదాకా నేలకు 45 మి.మీ. పైనే ఉంటుంది. నేలను ముట్టుకోనక్కరలేదు. గోడ వెంబడి పైపు వేసి, దాని ముందు 200 మి.మీ. మందాన నడుమెత్తు గోడ ఒకటి కట్టి టైల్స్ వేసేస్తే సరిపోతుంది. దాని పైభాగం వస్తువులు పెట్టుకునే గట్టుగా పనికొస్తుంది, కన్సీల్డ్ సిస్టర్న్ (గోడలో దాగి ఉండే ఫ్లష్ ట్యాంకు) కావాలనుకుంటే అదీ అందులోనే కూర్చుంటుంది. పైపు దారికి తలుపు అడ్డం రాకూడదన్నది ఒక్కటే షరతు. కమోడ్ 200 మి.మీ. ముందుకు జరుగుతుంది కనుక దాని ముందు కనీసం 600 మి.మీ. ఖాళీ, దాని మధ్య గీత నుంచి పక్క గోడకు 380 మి.మీ. మిగులుతాయో లేదో నేల మీద సుద్దతో గీసి, ఒకసారి స్టూలు వేసుకుని కూర్చుని చూసుకోండి.

మూల దగ్గర ఒకే 90 డిగ్రీల బెండు పెట్టనివ్వకండి. రెండు 45 డిగ్రీల బెండ్లను చిన్న ముక్కతో కలిపితే మలినం ఆగకుండా తిరుగుతుంది. ఆ మూలకు ఎగువన, శుభ్రం చేయడానికి తెరిచే డోర్ ఉన్న ఫిట్టింగ్ ఒకటి పెట్టి, నడుమెత్తు గోడలో దానికి ఎదురుగా తీసి పెట్టుకునే పలక వదలండి. బేసిన్ పైపు ఈ అడ్డ పైపులో కలిసే చోట టీ (T ఆకారపు ముక్క) వాడకూడదు. 45 డిగ్రీల వై (Y ఆకారపు ముక్క) పెట్టి, దాని మూతి పైకి తిప్పి, ప్రవాహం పోయే దిశలోనే కలపాలి.

ఈ పని మొత్తం పూర్తయిన నేల మట్టం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పైపు పట్టుకోకముందే నీళ్ల గొట్టంతో నాలుగు గోడల మీదా నేలకు మీటరు ఎత్తున ఒక గీత కొట్టించుకోండి. టైలు మందం, దాని కింద మాలు మందం అన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత వచ్చిన గీత అది కావాలి. ప్రతి కొలతా ఆ గీత నుంచి కిందికి తీయాలి. పాత నేల నుంచి కొలిచి పెట్టిన కమోడ్ మూతి టైల్స్ వేశాక 30 మి.మీ. కిందికి దిగిపోయి, కనెక్టర్ కూర్చోక మళ్లీ గోడ పగలగొట్టిన ఇళ్లు నేను చాలా చూశాను.

సమాధానం (సివిల్ ఇంజనీరు)

వాటం విషయంలో మేస్త్రీ గారు చెప్పిన లెక్కే నా లెక్క కూడా. నేను మీ రెండవ సందేహం గురించి రాస్తాను, ఎందుకంటే మీరు వర్ణించిన గుడగుడ, బుడగలు, వాసన మూడూ ఒకే కారణాన్ని సూచిస్తున్నాయి. అది పైపుల వయసుకు సంబంధించినది కాదు.

ఇంట్లోకి డ్రైనేజీ వాసన రాకుండా ఆపేది ప్రతి ట్రాప్‌లోనూ నిలిచి ఉండే కొద్దిపాటి నీరు. కమోడ్‌లో ఆ నీటి అడ్డు సుమారు 50 మి.మీ. లోతు ఉంటుంది, నహాని ట్రాప్‌లో కూడా దాదాపు అంతే. ఫ్లష్ చేసినప్పుడు ఆరు లీటర్ల నీరు ఒక్కసారిగా నిలువు పైపులోకి పడి, దిగుతూ దిగుతూ తన వెనుక గాలిని లాక్కుంటుంది, తన ముందున్న గాలిని కిందికి నెడుతుంది. పైపు పై కొస ఆకాశంలోకి తెరిచి ఉంటే లాక్కున్నంత గాలి అక్కడి నుంచి వచ్చి చేరుతుంది. తెరిచి లేకపోతే ఆ గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కనుక, దగ్గరలో ఉన్న ట్రాప్‌లోని నీటిని పక్కకు నెట్టి గదిలోంచి వస్తుంది. మీరు వినే గుడగుడ అదే. కొన్నిసార్లు ఆ నీరు తిరిగి నిలవకుండా పైపులోకి జారిపోతుంది. కమోడ్ ట్రాప్‌ను ఫ్లష్ ట్యాంకు మళ్లీ నింపుతుంది కానీ, నహాని ట్రాప్‌ను ఎవరో నీళ్లు పోస్తే తప్ప నింపేవారు ఉండరు. కాబట్టి వాసన మొదట అక్కడి నుంచే వస్తుంది.

మీరు ఊహ మీద ఆధారపడనక్కరలేదు. నహాని ట్రాప్ జల్లెడ తీసి, నిండా నీళ్లు పోసి, ఒక పొడి పుల్లను అడుగు తగిలేలా నిలబెట్టి తడి ఎంతవరకు పాకిందో పెన్నుతో గుర్తు పెట్టండి. తరువాత కమోడ్‌ను మూడుసార్లు ఫ్లష్ చేసి, అదే పుల్లను తుడిచి మళ్లీ ముంచండి. రెండు గుర్తుల మధ్య తేడా 25 మి.మీ. దాటితే మీ గాలి దారి ఎక్కడో మూసుకుపోయిందని గట్టిగా అనుమానించవచ్చు. ఆ తరువాత మేడ మీదికి వెళ్లి నిలువు పైపు పై కొస ఎలా ఉందో చూసి ఇక్కడ రాయండి. అది తెలియకుండా కొత్త వెంట్ గురించి మాట్లాడడం తొందరపాటు అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం పుల్లతో కొలిచాను. మూడు ఫ్లష్‌ల తరువాత నహాని ట్రాప్‌లో నీరు 30 మి.మీ. దిగింది. తరువాత మేడ ఎక్కి చూస్తే, నిలువు పైపు పిట్టగోడ కంటే తక్కువ ఎత్తులోనే ఆగిపోయి ఉంది, దాని కొసకు పీవీసీ మూత బిగించి సిమెంటు పూశారు. కొన్నేళ్ల క్రితం మేడ మీద నీళ్ల ట్యాంకు దిమ్మె కట్టించినప్పుడు వాసన వస్తోందని పనివారు దానిని మూసివేశారని నాన్నగారు ఇప్పుడు గుర్తు చేసుకుని చెప్పారు. ఇంతకాలం ఆ మూత సంగతి మా ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు మూత తీసేస్తే సరిపోతుందా? కొత్త కమోడ్ 3.2 మీటర్ల దూరంలో ఉంటుంది కదా, దానికి మళ్లీ విడిగా వెంట్ వేయాలా? గాలిని లోపలికి మాత్రమే తీసుకునే వాల్వు ఒకటి గోడలో పెడితే పైపు ఖర్చు, శ్రమ తప్పుతాయని మా ప్లంబరు అంటున్నారు. దాని మీద కూడా మీ అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం (సివిల్ ఇంజనీరు)

మూతను ఈరోజే తీసేయండి, దానికి బాత్‌రూమ్ పని పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. అయితే వాసన వచ్చిందని మూసినవారి బాధ కూడా నిజమైనదే. పైపు కొస మనిషి ముక్కు ఎత్తున ఉంటే ఎవరికైనా వాసన వస్తుంది. మీరు మేడను వాడుకుంటారు కనుక అదే నాలుగంగుళాల వ్యాసంతో పైపును 2 మీటర్లకు పైగా పొడిగించి, పిట్టగోడకో దిమ్మెకో క్లాంపులతో కట్టి, కొసన జాలీ ఉన్న టోపీ (కౌల్) పెట్టండి. దగ్గరలో కిటికీ ఉంటే దానికి పక్కగా 3 మీటర్ల దూరమైనా ఉండాలి, లేదా కిటికీ పై అంచుకు దాదాపు మీటరు ఎత్తున కొస తేలాలి. ఎత్తు పెంచేటప్పుడు చిన్న పైపు వేసి కుదించకండి.

ఇక విడి వెంట్ సంగతి. కమోడ్‌కూ నిలువు పైపుకూ మధ్య దూరం మీద అన్ని దేశాల నియమావళులూ ఒకే మాట చెప్పవు. కొన్ని 1.8 మీటర్లు దాటితే వెంట్ ఉండాలంటాయి, మరికొన్ని నాలుగంగుళాల పైపు మీద ఒక్క కమోడ్ మాత్రమే ఉంటే 6 మీటర్ల వరకు అనుమతిస్తాయి. మీ ప్రాంతంలో ఏ నియమం అమలులో ఉందో చూసుకోండి. అది ఏమి చెప్పినా, మీ విషయంలో నేను వెంట్ వేయమనే అంటాను. ఎందుకంటే ఆ పైపు మీద కమోడ్ ఒంటరిగా లేదు, బేసిన్ కూడా కలుస్తోంది. కమోడ్ నీరు పైపును నింపుతూ వెళ్లినప్పుడు మొదట నష్టపోయేది బేసిన్ ట్రాపే.

దీనికి సులువైన దారి ఉంది. బేసిన్ పైపును 50 మి.మీ. వ్యాసంతో తీసుకుని, అడ్డ పైపు నుంచి నిలువుగా పైకి తెచ్చి, బేసిన్ కలిసే చోట టీ పెట్టి, అక్కడ ఆపకుండా అదే వ్యాసంతో ఇంకా పైకి కొనసాగించండి. బేసిన్ అంచుకు కనీసం 150 మి.మీ. పైకి వచ్చాకే దానిని పక్కకు తిప్పాలి. బేసిన్ అంచు 830 మి.మీ. ఎత్తున ఉంటే నేల నుంచి దాదాపు మీటరు ఎత్తున అన్నమాట. అక్కడి నుంచి గోడలో అడ్డంగా నడిపించి సాయిల్ పైపులో కలపండి. మీ పైన మరో అంతస్తు లేదు కనుక ఆ ఎత్తున సాయిల్ పైపులో గాలి తప్ప నీరు ఉండదు. ఆ అడ్డ భాగానికి కూడా బేసిన్ వైపుకు కొంచెం వాటం ఇవ్వాలి, లేకపోతే లోపల చెమ్మ చేరి నీరుగా నిలుస్తుంది. 150 మి.మీ. నియమం ఎందుకంటే, ఎప్పుడైనా కింద పైపు పూడుకుపోతే నీరు వెంట్‌లోకి ఎగదన్ని, ఆ మలినం అక్కడ ఆరి గట్టిపడి గాలి దారిని శాశ్వతంగా మూసేస్తుంది. ఎత్తుగా తిప్పితే నీరు ముందు బేసిన్‌లో కనబడుతుంది, మీకు విషయం తెలుస్తుంది.

గాలి వాల్వు చెడ్డ వస్తువేమీ కాదు. కానీ అది లోపలికి గాలిని తీసుకోగలదే తప్ప, పైపులో పెరిగిన ఒత్తిడిని బయటికి వదలలేదు. దాని రబ్బరు పలక ఏదో ఒకరోజు అరుగుతుంది కనుక చేతికి అందేలా ఉండాలి. ఇంటికి కనీసం ఒక పైపు మేడ మీద తెరిచి ఉన్నప్పుడే దానిని ఆలోచించాలి. సాయిల్ పైపు అదే గోడ అవతల ఉండగా, మూడు మీటర్ల పైపు మిగుల్చుకోవడానికి మీకు ఆ వాల్వు అవసరం కనబడడం లేదు.

సమాధానం (మరో పాఠకురాలు)

నేను ఈ రంగంలో లేను. అయినా మా ఇంట్లో జరిగినది ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. మాకు కూడా కమోడ్‌ను ఇలాగే జరిపారు. పని చేసినవారు వాటం సరిగానే ఇచ్చారని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను, ఎందుకంటే వారు రసమట్టం పెట్టి చూపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కానీ పైపు కింద అక్కడక్కడా ఇటుక ముక్కలు పెట్టి, చుట్టూ వదులు మట్టి నింపి, పైన కాంక్రీటు పోశారు. ఏడాది తిరగక ముందే నెలకొకసారి పైపు పూడుకోవడం మొదలైంది. చివరికి టైల్స్ పగలగొట్టి చూస్తే, రెండు చివరలూ ఎత్తుగా, నడుమ భాగం కుంగిపోయి ఉంది. పైపు కోసినప్పుడు ఆ నడిమి ముక్కలో సగం వరకు నల్లటి నీరు నిలిచి ఉండడం నా కళ్లతో చూశాను. మీరు వాటం అంకె గురించి ఎంత పట్టుబడుతున్నారో, పైపును దేని మీద నిలబెడుతున్నారన్న దాని మీద కూడా అంతే పట్టుబట్టండి.

సమాధానం (ప్లంబింగ్ మేస్త్రీ)

అమ్మగారు చెప్పిన మాట చాలా ముఖ్యమైనది. మీ పైపు గోడ వెంబడి పోతుంది కనుక ఈ విషయంలో మీకు కొంత మేలు. సుమారు మీటరుకొక క్లాంపు చొప్పున, ఫిట్టింగ్ ఉన్న ప్రతిచోటా అదనంగా ఒకటి, గోడకు బిగించమనండి. ఇటుకల మీద పైపును ఆనించే పద్ధతి వద్దు. లోపల కప్పివేసే కీళ్లకు సాల్వెంట్ సిమెంట్ వాడండి. బయట ఎండలో ఉండే నిలువు పైపుకు రబ్బరు రింగు కీళ్లే మంచివి, పైపును చివరిదాకా నెట్టి మళ్లీ 10 మి.మీ. వెనక్కి లాగితే ఎండకు సాగడానికి చోటుంటుంది.

షవర్ నీటి పైపు సాయిల్ పైపులో కలిసే చోటు కూడా చూసుకోండి. కొత్త కమోడ్ శాఖ నేలకు 100 మి.మీ. పైన కలుస్తుంది, షవర్ నహాని ట్రాప్ శాఖ నేల కింద కలుస్తుంది. ఈ రెండూ ఎదురెదురు వైపుల నుంచి వస్తే, కమోడ్ శాఖ కేంద్రం నుంచి కిందికి 200 మి.మీ. లోపల చిన్న పైపు కలవకూడదు. కలిస్తే కమోడ్ నీరు ఎదురు గోడకు కొట్టుకుని చిన్న పైపులోకి దూరుతుంది, ఒకరోజు మీ షవర్ జాలీ దగ్గర తేలుతుంది. మీ మట్టాల ప్రకారం 250 మి.మీ. తేడా వచ్చేలా ఉంది, అయినా బిగించే రోజు కొలిచి చూసుకోండి.

కింది వాటా బుడగల గురించి ఎవరూ విడిగా రాయలేదు. పై నుంచి పడిన నీరు నిలువు పైపు అడుగున ఒక్కసారిగా అడ్డంగా తిరగాల్సి వచ్చినప్పుడు అక్కడ నీరు పేరుకుని, దాని ముందున్న గాలి నొక్కుకుపోతుంది. కింది కమోడ్ ఆ వంపు దగ్గరే కలిసి ఉంటే ఆ గాలి దానిలోంచి తన్నుకొస్తుంది. పైన మూత తీసినా ఇది పూర్తిగా తగ్గకపోవచ్చు. కింది కమోడ్‌కు విడిగా పైపు వేసి నేరుగా ఇంటి బయటి డ్రైనేజీ చాంబర్‌లో కలపడమే దానికి సరైన పరిష్కారం.

గోడ మూసే ముందు పరీక్ష తప్పనిసరి. కింది చివర ప్లగ్గు బిగించి, కమోడ్ మూతిలోంచి నీరు అంచు వరకు నింపి, గుర్తు పెట్టి, ఒక రాత్రి ఉంచండి. ఉదయానికి గుర్తు దిగకూడదు. తరువాత ప్లగ్గు తీసి, బకెట్ నీళ్లు పోసి, డోర్ తెరిచి లోపల టార్చి వేసి చూడండి. ఎక్కడా నీరు నిలిచి మెరవకూడదు. పైపుల పక్కన టేపు పరిచి ఫొటోలు తీసి పెట్టుకోండి, పదేళ్ల తరువాత గోడకు మేకు కొట్టేవారికి అవి ఉపయోగపడతాయి.

ప్రశ్న అడిగినవారు

మీరు రాసినవన్నీ అచ్చు తీసి మా ప్లంబరు చేతికి ఇచ్చాను. ఆయన నొచ్చుకోకుండా శ్రద్ధగా చదివి, నేల కింద నుంచి వద్దని తానే అన్నారు. ఈరోజు నీళ్ల గొట్టంతో మీటరు గీత కొట్టి, గోడ మీద పైపు దారి మొత్తం సుద్దతో గీశారు. కమోడ్ దగ్గర 180, మూల దగ్గర 145, బయటి గోడ దగ్గర 100 అని అంకెలు కూడా వేశారు. పీ-ట్రాప్ కమోడ్‌ను గోడ నుంచి 200 మి.మీ. ముందుకు పెట్టినా ముందు 720 మి.మీ. ఖాళీ మిగులుతోంది. బేసిన్ వెంట్ మీరు చెప్పిన దారిలోనే వేస్తామన్నారు, గాలి వాల్వు మాట విడిచిపెట్టాము.

మేడ మీది మూతను మూడు రోజుల క్రితమే కోయించి పైపును పొడిగించాము. నిన్న మళ్లీ పుల్లతో కొలిస్తే మూడు ఫ్లష్‌ల తరువాత నహాని ట్రాప్‌లో నీరు 3 మి.మీ. మాత్రమే దిగింది, గుడగుడ చప్పుడు లేదు. కింది వాటాలో బుడగలు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. చాంబర్ మూత ఎత్తి చూస్తే మేస్త్రీ గారు ఊహించినట్టే కింది కమోడ్ పైపు ఆ వంపుకు అరమీటరు దూరంలో కలిసి ఉంది. వచ్చే వారం పెరటి వైపు తవ్వి దానికి విడిగా పైపు వేయిస్తున్నాము. నీటి పరీక్ష అయ్యాక ఫలితం ఇక్కడే రాస్తాను.